మంజీరా ఒడ్డున కొత్త పిట్ట

సంక్రాంతి సెలవులు. మీరు బాన్సువాడ దగ్గర మీ అమ్మమ్మగారి ఊరికి వెళ్ళారనుకోండి. తెల్లవారుజామున మీ మామ వెంట నిజాంసాగర్ నీటి అంచుకు నడిచారు. మంచు ఇంకా విడలేదు. నీరు వెనక్కు తగ్గిన చోట నల్లని బురద నిగనిగలాడుతున్నది. దాని మీద వందో, రెండు వందలో చిన్న పిట్టలు అటూ ఇటూ పరుగులు తీస్తున్నాయి.

వాటి మధ్య ఒక పిట్ట మాత్రం వేరుగా ఉంది. ఒళ్ళంతా తెలుపు, అక్కడక్కడ నల్లని పట్టీలు. పొడుగాటి కాళ్ళు. సన్నని నల్లని ముక్కు; దాని కొస పైకి వంగి ఉంది. ఆ ముక్కును నీళ్ళకు ఆనించి, కొడవలితో గడ్డి కోస్తున్నట్టు ఎడమకూ కుడికీ ఆడిస్తూ అది ముందుకు నడుస్తున్నది.

"మామా! ఇట్లాంటి పిట్టను నేనెప్పుడూ చూడలేదు. చాలా అరుదైనదై ఉంటుంది!" అన్నారు మీరు.

"నువ్వు చూడనిదల్లా అరుదైనది కాదు. నేను రోజూ చూసినంత మాత్రాన ఒక పిట్ట లోకమంతా ఉన్నట్టూ కాదు. ముందు ఏం చూశావో చెప్పు" అన్నాడు మామ.

మామ అడిగినది చిన్న ప్రశ్నే. కాని పక్షిశాస్త్రం అంతా ఆ ప్రశ్న మీదే నిలబడి ఉంది. చూసినది ఏమిటి? అది అరుదైనదని ఎలా తెలుస్తుంది? తెలిసినా ఎదుటివారు ఎందుకు నమ్మాలి? ఈ పాఠంలో ఆ సంగతులు తెలుసుకుందాం.

బురద ఎవరికి విందు?

మంజీరా నది మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, కర్ణాటక మీదుగా తెలంగాణలోకి వచ్చి, 724 కిలోమీటర్లు ప్రయాణం చేసి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ నది మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేసినదే నిజాంసాగర్. బాన్సువాడ, బోధన్ ప్రాంతాల వరి పొలాలకు దాని కాలువలే ఆధారం. కట్టిన కొత్తలో ఈ జలాశయంలో సుమారు 30 టి.ఎం.సి.ల నీరు పట్టేది. ఏటేటా నది మోసుకొచ్చిన ఒండ్రు అడుగున పేరుకుపోయింది. ఇప్పుడు పట్టేది సుమారు 17.8 టి.ఎం.సి.లు మాత్రమే.

రైతుకు ఆ పూడిక నష్టమే. కాని మనం చెప్పుకునే పిట్టలకు అదే పళ్ళెం. ఎలాగో చూడండి. వానాకాలం ముగిసేసరికి జలాశయం నిండి ఉంటుంది. యాసంగి పంటకు కాలువలు వదలగానే నీటిమట్టం దిగడం మొదలవుతుంది. నిన్నటి దాకా నీళ్ళ కింద ఉన్న నేల ఈ రోజు బయటపడుతుంది. రేపు ఇంకొంత. అలా రోజూ ఒక కొత్త బురద పట్టీ తయారవుతూ ఉంటుంది. అందులో పురుగులు, వానపాములు, చిన్న నత్తలు, దోమజాతి ఈగల లార్వాలు కుప్పలుగా ఉంటాయి. బురద ఎండి గట్టిపడితే అవి దొరకవు. లోతైన నీరు నిలిచినా దొరకవు. తడిగా, మెత్తగా, పలుచని నీటితో ఉన్న ఆ కొద్దిపాటి అంచే విందు జరిగే చోటు.

మీ ఊరి పొలాల్లో కూడా ఇదే జరుగుతుంది. నాట్లకు ముందు నీళ్ళు పెట్టి కరిగెట దున్నుతారు కదా! ఆ మడిలో నాగలి వెంటో, ట్రాక్టరు వెంటో దిగే పిట్టలను గమనించండి. కొంగలతో పాటు ఈ చిన్న పరుగు పిట్టలూ ఉంటాయి.

ఇలా పలుచని నీటిలో, బురదలో నడుస్తూ మేసే పక్షులను ఇంగ్లీషులో వేడర్లు అంటారు. తెలుగులో వీటిలో కొన్నింటికి ఉల్లంకి అని పేరు. పాఠం సులువుగా సాగడానికి వీటన్నింటినీ మనం బురద పిట్టలు అందాం. మీ అందరికీ తెలిసిన తీతువు కూడా ఈ బంధువర్గంలోదే. తీతువు కూస్తే అపశకునమని కొందరు భయపడతారు. నిజానికి అది నేల మీదే గుడ్లు పెడుతుంది. ఆ గుడ్ల వైపు కుక్కో, మనిషో వస్తుంటే గోల చేసి తరమాలని చూస్తుంది. అది అరిచేది తన పిల్లల క్షేమం కోసం. మన కీడు కోసం కాదు.

ముక్కును బట్టి మేత

వంద పిట్టలు ఒకే బురద మీద తింటుంటే కొట్లాట రాదా? అంతగా రాదు. ఎందుకంటే అన్నీ ఒకే లోతులో వెతకవు.

చిన్న ఉల్లంకి ముక్కు రెండు సెంటీమీటర్లకు మించదు. అది బురద పై పొరలోనే ఏరుకుంటుంది. నల్లతోక గాడ్విట్ అనే పిట్ట ముక్కు పది సెంటీమీటర్ల దాకా ఉంటుంది. అది కళ్ళ దాకా తలను నీళ్ళలో ముంచి లోపలి పురుగును లాగుతుంది. కర్లూ అనే పెద్ద పిట్ట ముక్కు ఇంకా పొడుగు, కొస కిందికి వంగి ఉంటుంది. ఒకే బావిలో మూడు కొలతల చేదతాళ్ళు వేసినట్టన్నమాట!

బురదలో ఏముందో కంటికి కనపడదు కదా, మరి పిట్టకెలా తెలుస్తుంది? దాని ముక్కు కొసలో సన్నని గుంటలు ఉంటాయి. వాటిలో తాకిడిని, కదలికను పసిగట్టే నాడీ కణాలు కిక్కిరిసి ఉంటాయి. పురుగు కొద్దిగా మెదిలినా చాలు, ముక్కుకు తెలిసిపోతుంది. నాట్ అనే సముద్రతీరపు పిట్ట మీద పరిశోధన చేసిన డచ్చి శాస్త్రజ్ఞులు ఇంకో వింత కనుగొన్నారు. తడి ఇసుకలో ముక్కు పొడిచినప్పుడు ఇసుక రేణువుల మధ్య ఉన్న నీరు ఒత్తిడికి గురవుతుంది. దగ్గరలో గట్టి ఆల్చిప్ప ఉంటే ఆ ఒత్తిడి తీరు మారుతుంది. ముక్కు ఆల్చిప్పకు తగలకుండానే అది ఎక్కడుందో పిట్టకు తెలుస్తుంది!

ఇంకొక ఉపాయం చూడండి. ముక్కు మొత్తం బురదలో దిగబడి ఉండగా నోరు తెరవడం కష్టం. అందుకని వీటిలో చాలా పిట్టలు ముక్కు కొసను మాత్రమే పట్టుకారులా తెరవగలవు.

తీతువు, దాని చిన్న బంధువులైన ప్లోవర్ల పద్ధతి వేరు. వాటి ముక్కు పొట్టి, కళ్ళు పెద్దవి. నాలుగు అడుగులు పరుగెత్తి టక్కున ఆగుతాయి, చూస్తాయి, పొడుస్తాయి, మళ్ళీ పరుగు. ఇవి కంటితో వేటాడతాయి, ఉల్లంకులు ముక్కుతో వేటాడతాయి. కనుక దూరం నుంచి రంగు తెలియకపోయినా, నడకను బట్టి ఏ కుటుంబమో చెప్పవచ్చు.

మీరు చూసిన పిట్ట ఈ రెండు పద్ధతులూ పాటించలేదు, గుర్తుందా? అది ముక్కును నీటిలో అడ్డంగా ఊపుతున్నది. ఈ సంగతి మనసులో ఉంచుకోండి. మనకు అక్కరకు వస్తుంది.

నాలుగు నాణేల బరువు, ఆరు వేల కిలోమీటర్లు

చలికాలంలో నిజాంసాగర్ అంచున కనిపించే చిన్న ఉల్లంకి బరువు పాతిక, ముప్పై గ్రాములు. నాలుగు పది రూపాయల నాణేలను అరచేతిలో పెట్టుకుంటే దాదాపు అంత బరువు. ఈ పిట్ట గుడ్లు పెట్టేది ఉత్తర ధ్రువానికి దగ్గరగా, రష్యా ఉత్తరాన చెట్లు మొలవని మంచు మైదానాల్లో.

ఎంత దూరం వచ్చిందో మీరే లెక్క కట్టండి. అది గుడ్లు పెట్టే చోటు సుమారు 72 డిగ్రీల ఉత్తర అక్షాంశం అనుకుందాం. బాన్సువాడ సుమారు 18 డిగ్రీలు. తేడా 54 డిగ్రీలు. ఒక్కొక్క డిగ్రీకి దాదాపు 111 కిలోమీటర్లు. గుణిస్తే 5,994. అంటే తిన్నగా కొలిచినా ఆరు వేల కిలోమీటర్లు! అక్కడ చలి ముదరక ముందే ఇక్కడికి బయలుదేరుతుంది. ఎండలు ముదిరే వేళకు తిరిగి వెళుతుంది. ఏడాదికి రాకపోకలు పన్నెండు వేల కిలోమీటర్లు.

ఈ బురద పిట్టల జాతిలోనే ఒక గొప్ప ప్రయాణికుడు ఉన్నాడు. 2022లో అలాస్కాలో శాస్త్రజ్ఞులు ఒక పట్టెతోక గాడ్విట్ వీపుకు చిన్న ఉపగ్రహ పరికరం అమర్చారు. పుట్టి ఐదు నెలలే అయిన ఆ పిట్ట పసిఫిక్ మహాసముద్రం మీదుగా ఎగిరి, ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న టాస్మానియాలో దిగింది. 11 రోజులు, 13,560 కిలోమీటర్లు. మధ్యలో ఎక్కడా వాలలేదు, తినలేదు, తాగలేదు. గంటకు సగటున ఎంత వేగమో మీరు భాగించి చూడండి.

ఇంత ప్రయాణానికి ఇంధనం ఏది? కొవ్వు. బయలుదేరే ముందు ఈ పిట్టలు రేయింబవళ్ళు మేసి ఒంట్లో కొవ్వు నిలవ చేసుకుంటాయి. ఆ కొవ్వంతా తయారయ్యేది బురదలోని పురుగుల నుంచే. కనుక దారిలో ఒక చెరువు ఎండినా, ఒక బురద అంచు మట్టి పోసి పూడ్చినా, ఆ పిట్టకు అది పెట్రోలు బంకు మూతపడినట్టే. మీరు కేకలు వేస్తూ గుంపును పదే పదే లేపినా అంతే. ప్రయాణం కోసం దాచుకున్న కొవ్వు వృథాగా ఖర్చవుతుంది.

అరుదు అంటే ఏమిటి?

ఇప్పుడు మామ ప్రశ్నకు వద్దాం. అరుదు అనే మాటకు ఒక్కటే అర్థం లేదు.

మొదటిది, లోకంలోనే తక్కువగా ఉన్న పక్షి. గరిటెమూతి ఉల్లంకి ఇందుకు ఉదాహరణ. పిచ్చుకంత పిట్ట, ముక్కు కొస చిన్న గరిటెలా వెడల్పుగా ఉంటుంది. రష్యా తూర్పు కొసన పుడుతుంది. ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద కొన్ని వందలు మాత్రమే మిగిలి ఉన్నాయని అంచనా.

రెండవది, వేరే చోట బోలెడన్ని ఉన్నా ఇక్కడికి ఎప్పుడో గాని రాని పక్షి. అవోసెట్ అనే పిట్ట గుజరాత్‌లోని కచ్ ప్రాంతంలో చలికాలంలో పెద్ద గుంపులుగా ఉంటుంది. మన దక్కను చెరువుల్లో మాత్రం ఎప్పుడో ఒకసారి కనిపించే అతిథి.

మూడవది, ఉన్నా కనపడని పక్షి. రాత్రి తిరిగేవి, గడ్డిలో నక్కేవి ఈ రకం.

ఒక పక్షి ఈ మూడింటిలో ఎందులోకి వస్తుందో చెప్పాలంటే, ఇంతకు ముందు ఎవరు ఎక్కడ ఏం చూశారో రాసి ఉండాలి. సాలిం అలీ 1931-32లో నాటి హైదరాబాదు రాజ్యమంతా తిరిగి పక్షులను సర్వే చేసి, వివరాలను బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ప్రచురించారు. నిజాంసాగర్ పూర్తయినదీ ఆ రోజుల్లోనే. ఆయన రాసి పెట్టారు కనుకనే తొంభై ఏళ్ళ తరువాత మనం ఏది పెరిగింది, ఏది తగ్గింది అని పోల్చుకోగలుగుతున్నాం. 1987 నుంచి ప్రతి జనవరిలో మన దేశంలో నీటి పక్షుల లెక్కింపు జరుగుతున్నది. అందులో పాల్గొనేవారిలో ఎక్కువమంది జీతానికి పనిచేసేవారు కారు. ఆసక్తి కొద్దీ వచ్చినవారు. వారిలో విద్యార్థులూ ఉంటారు.

ఆరు ప్రశ్నలు

కొత్త పిట్ట కనపడగానే పుస్తకం తెరిచి బొమ్మలు వెతకకండి. బొమ్మ చూశాక మీ కన్ను ఆ బొమ్మలో ఉన్నదే చూస్తుంది. ముందు పిట్టను చూడండి. ఈ ఆరు ప్రశ్నలకు అక్కడికక్కడే జవాబులు రాయండి.

1. ఎంత పెద్దది? పక్కన ఉన్న తెలిసిన పిట్టతో పోల్చండి. తీతువు కన్నా పెద్దదా, చిన్నదా?

2. ముక్కు తలకన్నా పొడుగా, పొట్టా? తిన్ననిదా? పైకి వంగిందా, కిందికా?

3. కాళ్ళ రంగేమిటి?

4. ఎగిరినప్పుడు రెక్క మీద తెల్ల గీత ఉందా? నడుం తెలుపా, ముదురా?

5. ఎలా మేస్తున్నది? ఎలా నడుస్తున్నది?

6. ఎలా కూసింది?

ఈ ప్రశ్నల బలం తెలియాలంటే మన చెరువుల దగ్గర ఒకేలా కనిపించే మూడు ఉల్లంకులను తీసుకుందాం. మూడూ పైన గోధుమ రంగు, కింద తెలుపు. మొదటి దానికి భుజం ముందు తెలుపు రంగు చీలికలా పైకి పొడుచుకు వచ్చి ఉంటుంది. నిలబడినా వెనక భాగం కిందికీ మీదికీ ఊగుతూనే ఉంటుంది. ఎగిరితే రెక్క మీద తెల్ల గీత కనపడుతుంది. నడుం తెల్లగా ఉండదు. ఇది సాధారణ ఉల్లంకి. రెండవది దాదాపు నల్లగా కనపడుతుంది. ఎగిరితే నడుం తళుక్కున తెల్లగా మెరుస్తుంది, రెక్కల అడుగు ముదురు రంగు. ఇది ఆకుపచ్చ ఉల్లంకి. పేరులోని పచ్చదనం దూరానికి కనపడనే కనపడదు! మూడవదానికీ నడుం తెలుపే. కాని వీపు మీద చుక్కలు ఎక్కువ, కంటి మీద స్పష్టమైన తెల్ల కనుబొమ, కాళ్ళు పసుపు వన్నె, రెక్కల అడుగు లేత రంగు. ఇది అడవి ఉల్లంకి. చూశారా! "గోధుమ రంగు పిట్ట" అని రాసుకుంటే మూడింటిలో ఏదో తేలదు. నడుం, రెక్క, కాలు చూస్తే తేలిపోతుంది.

బురద చేసే మోసం

ఒక హెచ్చరిక. గరిటెమూతి ఉల్లంకిని చూశామని సంబరపడి, తరువాత నాలుక కరచుకున్నవారు ఉన్నారు. ఏం జరిగిందంటారా? మామూలు చిన్న ఉల్లంకి బురదలో ముక్కు పొడిచినప్పుడు కొసకు ఒక మట్టి ముద్ద అంటుకుంటుంది. దూరం నుంచి అది అచ్చం గరిటెలాగే కనపడుతుంది!

దీనికి మందు ఓపిక. పది నిమిషాలు చూస్తూ ఉండండి. పిట్ట ముక్కు కడుక్కుంటే "గరిటె" నీళ్ళలో కలిసిపోతుంది. ఒకసారి కనపడిన గుర్తును మళ్ళీ మళ్ళీ చూడాలి. వెలుతురు మారాక చూడాలి. పిట్ట తిరిగాక చూడాలి. ఇంకొకరిని పిలిచి, మీ అభిప్రాయం చెప్పకుండానే "నీకేం కనపడుతున్నది?" అని అడగాలి. మామ చేసినది అదే.

అలాగే ఎక్కడ చూశామన్నదీ ఆలోచించాలి. గరిటెమూతి ఉల్లంకి సముద్రతీరపు బురద నేలలను కోరుకునే పక్షి. అది మంజీరా ఒడ్డుకు రాదని ఒట్టు వేయలేం. కాని మాట ఎంత వింతదో ఋజువు అంత గట్టిది కావాలి. సాధారణ ఉల్లంకిని చూశానంటే మీ మాట చాలు. గరిటెమూతిని చూశానంటే ఫొటో కావాలి, రెండో సాక్షి కావాలి, పూర్తి వివరణ కావాలి. ఇది మిమ్మల్ని అనుమానించడం కాదు. పెద్ద శాస్త్రజ్ఞుడికైనా ఇదే నియమం.

కలివికోడి కథ

ఒక పిట్ట ఉన్నదని ఋజువు చేయడం వల్ల ఏం జరుగుతుందో చెప్పే కథ మన తెలుగునేల మీదే ఉంది. ఉల్లంకులూ తీతువులూ ఉన్న పక్షి వర్గంలోనే దానికీ చోటు. కాని అది నీళ్ళ దగ్గర ఉండదు. కడప జిల్లా ముళ్ళ పొదల్లో ఉంటుంది. తీతువు కన్నా కొంచెం చిన్నది, ఎద మీద రెండు పట్టీలు. కలివి పొదల మధ్య తిరుగుతుంది కనుక ఊరివారు కలివికోడి అన్నారు. శాస్త్రీయ నామం రైనోప్టిలస్ బైటోర్క్వేటస్.

మద్రాసు రాజధానిలో వైద్యుడుగా పనిచేసిన జెర్డాన్ దీనిని కనుగొన్నాడు. 1848లో బ్లైత్ అనే శాస్త్రజ్ఞుడు పేరు పెట్టి వర్ణించాడు. 1900లో అనంతపురం దగ్గర ఒకసారి కనపడింది. ఆ తరువాత ఎంత వెతికినా జాడ లేదు. పక్షిశాస్త్రజ్ఞులు చాలామంది అది అంతరించిందనే అనుకున్నారు.

1985 ప్రాంతంలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ అనే యువ శాస్త్రజ్ఞుడు కడప ప్రాంతానికి వచ్చారు. ఆయన ఊళ్ళలో పిట్టల వేటగాళ్ళకు కలివికోడి బొమ్మ చూపి, తెలుసా అని అడిగారు. తెలుసునన్నారు కొందరు. శాస్త్రజ్ఞులకు అంతరించిన పక్షి ఊరివారికి తెలిసినదే! కాని తెలుసునన్న మాట ఒక్కటే ఋజువు కాదు కదా. 1986 జనవరిలో ఐతన్న అనే వేటగాడు రెడ్డిపల్లె దగ్గర రాత్రిపూట దానిని ప్రాణంతో పట్టుకున్నాడు. 86 ఏళ్ళ తరువాత కలివికోడి మళ్ళీ లోకానికి కనపడింది. అది రాత్రి తిరిగే పక్షి. మనం చెప్పుకున్న మూడు రకాల అరుదుల్లో మొదటిదీ మూడవదీ రెండూ దానికి వర్తిస్తాయి.

1988లో ఆ పక్షి బొమ్మతో తపాలా బిళ్ళ వచ్చింది. దాని కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. ఆ తరువాత పరిశోధకులు పక్షిని పట్టుకోకుండానే ఋజువు సంపాదించే పద్ధతులు పెట్టారు. పొదల మధ్య నేలను మెత్తగా చదును చేసి, తెల్లవారాక దాని మీద పడిన కాలిగుర్తులను చదివేవారు. పిట్ట ఎదుటికి రాగానే దానంతట అదే ఫొటో తీసే కెమెరాలు పెట్టారు. రికార్డు చేసిన కూత వినిపించి జవాబు కోసం చెవి ఒగ్గారు.

2005లో తెలుగుగంగ పథకం కాలువ తవ్వకం ఈ పక్షి నివాసంలోకి వచ్చింది. కాలువ కావాలి, రాయలసీమ రైతుకు నీళ్ళు ప్రాణం. పక్షి ఉండవలసిన పొదలు మరెక్కడా లేవు. ఇద్దరిలో ఎవరిని కాదంటాం? ఇక్కడే ఋజువులు పనికి వచ్చాయి. పక్షి ఏ పొదల్లో ఉందో కాలిగుర్తులు, ఫొటోలు, తేదీలతో సహా రాసి ఉన్నాయి. పని ఆగింది. కాలువను మూసివేయలేదు; పక్షి నివాసం తప్పించి దారి మళ్ళించారు. రాతలో పెట్టిన ఋజువులు లేకపోతే "అక్కడ పిట్ట ఏదీ లేదు" అన్నమాటే చెల్లిపోయేది.

అయితే కథ సుఖాంతం అనుకోకండి. కలివికోడి జాడ మళ్ళీ అతి అరుదైపోయింది. అది నేటికీ తీవ్రమైన ప్రమాదంలో ఉన్న పక్షుల పట్టికలోనే ఉంది. ఒకసారి ఋజువు చేసి ఊరుకుంటే చాలదు, చూస్తూనే ఉండాలి.

ఇంతకూ మీ పిట్ట ఏది?

నీటి అంచుకు తిరిగి వెళదాం. తెలుపు, నలుపు రంగుల పొడుగు కాళ్ళ పిట్ట మన చెరువుల్లో ఒకటి మామూలుగానే ఉంటుంది. దానిని ఇంగ్లీషులో స్టిల్ట్ అంటారు. మీరు చూసినది అదే కావచ్చు గదా? ప్రశ్నలు వేద్దాం.

స్టిల్ట్ కాళ్ళు ఎర్ర గులాబి రంగు. మీ పిట్ట కాళ్ళు నీలి బూడిద రంగని మీరు రాశారు. స్టిల్ట్ ముక్కు తిన్నగా ఉంటుంది. మీ పిట్ట ముక్కు పైకి వంగింది. స్టిల్ట్ పొడిచి ఏరుకుంటుంది; మీ పిట్ట అడ్డంగా ఊపుతూ నడిచింది. అదృష్టం కొద్దీ పక్కనే రెండు స్టిల్టులు ఉన్నాయి కనుక పోల్చి చూశారు. పది నిమిషాల తరువాత కూడా ముక్కు వంపు అలాగే ఉంది. మట్టి ముద్ద కాదు. మామకు కూడా అదే కనపడింది. ఇన్ని గుర్తులూ కలిసే పిట్ట మన దేశంలో ఒక్కటే. అవోసెట్!

అది లోకంలో అరుదైనది కాదు. కాని మంజీరా ఒడ్డుకు అరుదైన అతిథి. కనుక నోటుపుస్తకంలో ఇలా రాయండి: తేదీ, వేళ, చోటు, ఎన్ని పిట్టలు, నీరు ఎంత దూరం తగ్గి ఉంది, ఎవరెవరు చూశారు, ఆరు ప్రశ్నల జవాబులు. చేతనైనట్టు ఒక బొమ్మ గీయండి. ముక్కు వంపు తెలిస్తే చాలు. ఫోను ఉన్నవారు ఫొటో తీసి, మీ సైన్సు మాస్టారి సాయంతో ఈ-బర్డ్ వంటి పక్షుల రికార్డులో చేర్చవచ్చు. తెలియని చోట "తెలియలేదు" అని రాయడానికి సిగ్గుపడకండి. ఊహించి నింపిన గడి కన్నా ఖాళీగా వదిలిన గడి మేలు.

రేపు మీరు వెళ్ళేసరికి ఆ పిట్ట ఉండకపోవచ్చు. మీ పేజీ మాత్రం ఉంటుంది. పదేళ్ళ తరువాత ఎవరో "నిజాంసాగర్‌కు అవోసెట్ ఎప్పుడైనా వచ్చిందా?" అని అడిగితే జవాబు చెప్పేది ఆ పేజీయే.

చేసి చూడండి

ఒక బక్కెట్టులో పన్నెండు సెంటీమీటర్ల ఎత్తున తడి మట్టి నింపండి. నింపేటప్పుడే శనగలు పది 1 సెంటీమీటరు లోతున, పది 5 సెంటీమీటర్ల లోతున, పది 10 సెంటీమీటర్ల లోతున దాచండి. రెండేసి చీపురు పుల్లలతో మూడు "ముక్కులు" చేయండి: 2, 6, 12 సెంటీమీటర్ల పొడుగు. ముగ్గురు మిత్రులు కళ్ళు మూసుకుని, ఒకరి తరువాత ఒకరు, ఒక్కొక్క నిమిషం శనగలు తీయాలి. ఎవరికి ఏ లోతువి దొరికాయో పట్టిక వేయండి. మట్టి మరీ నీళ్ళగా ఉన్నప్పుడు, సగం ఎండినప్పుడు మళ్ళీ చేయండి. పిట్టలు అంచునే ఎందుకు వెతుక్కుంటాయో మీకే తెలుస్తుంది.

జాగ్రత్త: జలాశయం బురద పైకి గట్టిగా కనపడినా కాళ్ళు దిగబడిపోతాయి. పెద్దవారు లేకుండా వెళ్ళకండి, కట్ట మీది నుంచే చూడండి.

ఆలోచించండి

1. వానలు ఆలస్యమై కాలువలు వదలని ఏడాది బురద పిట్టల మేత ఏమవుతుంది?

2. మీ ఊరి చెరువు గట్లను నిలువు రాతిగోడలుగా కడితే ఏ పిట్టలకు మేలు? ఏ పిట్టలకు కీడు?

3. "మా తాత ఈ పిట్టను చూశాడట" అన్న మాటను ఋజువుగా ఒప్పుకోవచ్చునా? లేకపోతే ఆ మాట దేనికి పనికి వస్తుంది? కలివికోడి కథను గుర్తు చేసుకుని జవాబు రాయండి.